ఆవు మేసిన ఆవాలు, టపాలో వచ్చిన ఫోటో

ఆవు ఆవ మొక్కలు మేసి ఉండకపోతే మీ నాయనమ్మ పెళ్ళి ఫోటో అంత బాగా పడేది కాదు. నవ్వకండర్రా, నిజమే చెబుతున్నా. ఇలా దగ్గరికి జరగండి. ఆ అరుగు చివర కూర్చున్నవాడా, నువ్వూ ఇటు రా, అక్కడ ఎండ మొహాన కొడుతోంది.

పొద్దున పోస్టుమాన్ ఇచ్చి వెళ్ళిన అట్టల కట్ట గురించే కదా మీ గొడవంతా? "ఫోనులో పంపితే అరక్షణంలో వచ్చేదానికి ఇన్ని అట్టలూ, ఇంత టేపూ ఎందుకు తాతయ్యా" అంటారు. మాది ఒక చిన్న గుంపు. ఎవరి చీకటి గదిలో వాళ్ళం ఫోటో కడుక్కుని, ఒకరికొకరం టపాలో పంపుకుంటాం. చీకటి గదంటే ఏదో అనుకునేరు. ఒకాయనకి స్నానాలగది, ఇంకొకాయనకి మెట్లకింద సామాన్ల కొట్టు, నాకేమో వడ్లు పోసే పాత గది. ఇదిగో, చూడండి. అంచులు పట్టుకోవాలి, మధ్యలో వేలు పెట్టకూడదు. వేలి జిడ్డు అంటితే ఇక పోదు.

ఫోనులో వచ్చేది కబురు. ఇది వస్తువు. అడుగున కాగితం. దానిమీద ఎండిన జిగురు, పల్చటి పొర. ఆ జిగురులో వెండి. మీకు నల్లగా కనపడేదంతా వెండే. అదేంటి, వెండి తెల్లగా మెరుస్తుందిగా అంటారేమో. గిన్నెగా చేసి మెరుగు పెడితే మెరుస్తుంది. కంటికి ఆనని సన్నటి పోగులుగా, చిక్కుపడిన జుట్టులా చేస్తే లోపలికి పోయిన వెలుతురు మళ్ళీ బయటికి రాదు. అప్పుడు నల్లగా కనపడుతుంది. ఫోటోలో తెల్లగా ఉన్నచోట వెండి లేదు, అక్కడ మీరు చూస్తున్నది ఉత్త కాగితాన్నే.

ఇక ఆ జిగురు సంగతి. జెలటిన్ అంటారు దాన్ని. పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడికించి తీస్తారు. అంతకుముందైతే కోడిగుడ్డు తెల్లసొన వాడేవాళ్ళు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ పేరు విన్నారా? ఆరో నిజాము మహబూబ్ అలీ పాషా దగ్గర ఫోటోలు తీసినాయన, 1905లో పోయాడు. ఆయన తీసిన ఆ జమానా ఫోటోలు చాలావరకు తెల్లసొన కాగితం మీద అచ్చువేసినవే. మా అమ్మ నీచు తగిలితే తలస్నానం చేసే మనిషి. ఆవిడ దేవుడిగూటి పక్కన తగిలించుకున్న తాతముత్తాతల ఫోటోలన్నీ అయితే గుడ్డు, లేకపోతే ఎముక. ఆ సంగతి బతికుండగా చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు ఆవాలు. కొన్ని జెలటిన్‌లతో చేసిన ఫిల్ము చురుగ్గా ఉండేది, కాస్త వెలుతురుకే బొమ్మ పట్టేసేది. కొన్నిటితో చేస్తే మొద్దుగా ఉండేది. కారణం ఎవరికీ అంతుచిక్కలేదు. కొడాక్ కంపెనీ పరిశోధనశాలలో షెపర్డ్ అనే ఆయన ఆ పని పట్టుకుని కూర్చున్నాడు. 1925 నాటికి తేలిందేమిటంటే, చురుకైన జెలటిన్ ఇచ్చిన పశువులు మేసిన మేతలో ఆవజాతి మొక్కలు ఉన్నాయి. ఆవాలు నూరితే ముక్కుకెక్కే ఘాటు ఉంటుందే, అందులో గంధకం ఉంది. ఆ గంధకం రవ్వంత జెలటిన్‌లోకి దిగి, అందులో ఉండే, తర్వాత వెండిగా మారబోయే వెండి ఉప్పు రేణువుల మీద అక్కడక్కడా చుక్కలు పెడుతోంది. ఆ చుక్కల దగ్గరే వెలుతురు ముందుగా పట్టు చిక్కించుకుంటుంది. అప్పటినుంచి జెలటిన్‌ని బాగా శుద్ధిచేసి, గంధకాన్ని లెక్కప్రకారం తామే కలపడం మొదలుపెట్టారు. ఆవకాయ ఘాటుకీ ఫోటో చురుకుకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదనుకోండి, సంతోషంతో.

వెలుతురు తగిలాక ఏమవుతుందో వినండి, అసలు మజా అక్కడుంది. బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్ కింద తెల్ల కాగితం పెట్టి, నెగటివ్ గుండా కొన్ని సెకన్లు వెలుతురు వేసి ఆపేస్తాం. కాగితం తీసి చూస్తే ఏమీ ఉండదు, తెల్లగానే ఉంటుంది. కానీ లోపల పని జరిగిపోయింది. మీ అమ్మ రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేసి మూత పెడుతుంది కదా. అప్పటికప్పుడు చూస్తే అవి పాలే. కానీ తోడు పడిన పాలకీ పడని పాలకీ తేడా పొద్దున్నే తెలుస్తుంది. ఒక్కో వెండి ఉప్పు రేణువులో కోట్లకొద్దీ వెండి అణువులుంటాయి. వెలుతురు వాటిలో ఒక నాలుగింటిని విడదీసి ఒకచోట చేరిస్తే చాలు, తోడు పడినట్టే. తర్వాత డెవలపర్ నీళ్ళలో వేస్తే ఆ నాలుగూ కలిసి రేణువు మొత్తాన్ని వెండిగా మార్చేస్తాయి. తోడు పడని రేణువు అలాగే ఉండిపోతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే అవీ తోడుకుంటాయి, ఫోటో అంతా బూడిదరంగుకి తిరుగుతుంది. పెరుగు పులిసినట్టే.

డెవలపర్ ట్రేలో కాగితం వేసి అటూ ఇటూ ఊపుతూ ఉంటే, ముందు ముదురు నీడలు, తర్వాత కనుబొమ్మలు, ఆ తర్వాత మొహం. ఎన్ని వందలసార్లు చూసినా ఆ కాసేపు నాకు ఊపిరి బిగుసుకుంటుంది. అదంతా ఎర్రబల్బు కిందే జరుగుతుంది. బ్రోమైడ్ కాగితానికి నీలం వెలుతురే కనపడుతుంది, ఎరుపు కనపడదు. అందుకని దాని ముందు మనం ఎర్రదీపం పెట్టుకుని తిరగొచ్చు. సినిమాల్లో మాత్రం హీరోగారు కెమెరాలోంచి రీలు బయటికి లాగి ఎర్రబల్బు కిందే కడిగేస్తుంటాడు. మామూలు ఫిల్ముకి అన్ని రంగులూ కనపడతాయి కాబట్టి దాన్ని కటిక చీకట్లోనే కడగాలి. అలాంటి సీను వచ్చినప్పుడల్లా నేను గొణుగుతానని మీ నాయనమ్మ నన్ను సినిమాకి తీసుకుపోవడం మానేసింది.

ఆ తర్వాత పుల్లటి నీళ్ళు. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, డెవలపర్ పని అక్కడికి ఆపడానికి. ఆ తర్వాత హైపో. తోడుకోని వెండి ఉప్పునంతా ఈ హైపో కరిగించి బయటికి తెస్తుంది. లేకపోతే ఫోటోని ఎండలోకి తెస్తే మెల్లగా నల్లబడిపోతుంది. హైపోకి ఈ గుణం ఉందని జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండు పండితుడు 1819లోనే కనిపెట్టి రాసిపెట్టాడు. అప్పటికి ఫోటోలే లేవు! ఇరవై ఏళ్ళు ఆ ముక్క అలా పడి ఉంది. 1839 నాటికి టాల్బట్ అనే ఆయన కాగితాన్ని ఉప్పునీళ్ళలో ముంచి, దానిమీద వెండి ద్రావకం పూసి బొమ్మలు పట్టాడు గానీ, వాటిని గట్టిగా నిలపడం చేతకావడం లేదు. హెర్షెల్ తన పాత సంగతి చెప్పాడు. అప్పటినుంచి ఈనాటి వరకు హైపోయే.

ఈ ఫోటోలు టపాలో పంపుకునే అలవాటు మా గుంపు పుట్టించింది కాదర్రా, ఫోటో పుట్టిన నాటిదే. ఆ టాల్బట్‌కి మొక్కలంటే పిచ్చి. ఇటలీలో బొలోనా ఊళ్ళో బెర్తొలోని అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1839, 40లలో టాల్బట్ ఆయనకి ఆకులూ లేసులూ అచ్చుపడిన కాగితాలు ఉత్తరాలతో పాటు పంపించేవాడు. ఆయన వాటన్నిటినీ ఆల్బంలో అంటించి దాచాడు. అది ఇప్పుడు న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆనా ఆట్కిన్స్ అని ఒకావిడ ఉంది, ఈవిడ కథ నాకు ఇంకా ఇష్టం. 1842లో హెర్షెల్ నీలం ఫోటోల పద్ధతి కనిపెట్టాడు. వెండి అక్కర్లేదు, ఇనుము ఉప్పులు రెండు కలిపి పూసి, ఎండలో పెట్టి, ఉత్తి నీళ్ళతో కడిగితే నీలం తేలుతుంది. ఇంజనీర్ల బ్లూప్రింట్లు తర్వాత వచ్చింది దీన్నుంచే. ఆనా సముద్రపు నాచు ఏరుకొచ్చి, ఒక్కో పోగునూ కాగితంమీద సర్ది, 1843 నుంచి పదేళ్ళపాటు స్వయంగా ఒక్కో పేజీ అచ్చువేసి, కొంచెం కొంచెంగా స్నేహితులకి, తెలిసిన శాస్త్రజ్ఞులకి పంపింది. ఫోటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదే. దుకాణంలో కొనుక్కునేది కాదు, ఆవిడ పంపితే అందుకోవాల్సిందే.

అమెరికాలో 1861లో కొందరు ఔత్సాహికులు ఇందుకోసమే ఒక క్లబ్బు కట్టారు. తమ ఫోటోలు ఒకరికొకరు టపాలో పంపుకోవాలని నియమం. అంతర్యుద్ధం రోజుల్లో అది రెండేళ్ళు నడిచి ఆగిపోయింది. బ్రిటన్‌లో ఇంకో పద్ధతి ఉంది, నాకు అది బాగా నచ్చుతుంది. ఒక పెట్టె ఊళ్ళు తిరుగుతుంది. పెట్టె వచ్చినవాడు అందరి ఫోటోలూ చూసి, మంచీ చెడూ రాసి, తన పాత ఫోటో తీసుకుని కొత్తది పెట్టి తర్వాతవాడికి పంపాలి. తన ఫోటో తిరిగి వచ్చేసరికి దానికి అందరి చురకలూ అంటుకుని ఉంటాయి.

మనవైపు ఈ ముచ్చట ఎక్కువగా పోటీల దారిన నడిచింది. యూరప్‌లో 1950లో ఫియాప్ అనే అంతర్జాతీయ సమాఖ్య వచ్చింది, 1953లో మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ వచ్చింది. సెలూన్ అని పేరు ఆ పోటీలకి. క్షౌరశాల కాదురా, ఫోటోల ప్రదర్శన. మనవాళ్ళు చీకటిగదిలో పెద్ద పెద్ద ప్రింట్లు వేసి, కస్టమ్స్‌వాళ్ళ పచ్చ చీటీ అంటించి దేశదేశాలకి పంపేవాళ్ళు. కొన్ని నెలలకి తిరిగొచ్చేవి, వెనకాల ఆ ఊరి సెలూన్ స్టిక్కరుతో. అందుకని పాత ప్రింటు చేతికి దొరికితే నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. ముందువైపు బొమ్మ, వెనకవైపు అది తిరిగిన ఊళ్ళు. కోరుట్లలో 1939లో పుట్టిన బండి రాజన్‌బాబు ఇలాంటి కళాఫోటోల మనిషే. బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ దాకా వెళ్ళాడు. గిరిజనుల మొహాలు ఆయన పట్టినట్టు పట్టడం కష్టం. హైదరాబాదులో ఎందరికో ఫోటో పాఠం చెప్పి 2011లో పోయాడు.

నా సంగతికొస్తే, నా ప్రింట్లన్నీ ఈ ఊరివే. మన నేలకొండపల్లిలో బొమ్మలకి కరువా? విరాటరాజు దిబ్బ, బాలసముద్రం చెరువు, రామదాసు ధ్యానమందిరం, ఊరవతల ఇటుకల బౌద్ధ స్తూపం. స్తూపాన్ని పొద్దున్నే ఏటవాలు ఎండలో తీయాలి. అప్పుడే ఇటుక ఇటుకకీ మధ్య నీడ పడుతుంది. మధ్యాహ్నం తీస్తే మట్టిదిబ్బలా వస్తుంది. అందులోనూ ఒక చిక్కుంది. ఇటుకలు సరిగ్గా వచ్చేంత వెలుతురు వేస్తే ఆకాశం తెల్లకాగితంలా మిగిలిపోతుంది. అందుకని ఇటుకల వంతు అయ్యాక, అట్టముక్క అడ్డంపెట్టి స్తూపాన్ని కప్పి, ఆకాశానికి మాత్రమే మళ్ళీ అంత వెలుతురు పోస్తాను. అట్టని కదలకుండా పట్టుకుంటే గీత పడుతుంది, చేయి ఆడిస్తూనే ఉండాలి. ఆ చేయి ఆడించడం ఏ ఇద్దరికీ ఒకేలా రాదు. నాకే రెండోసారి ఒకేలా రాదు. ఒకే నెగటివ్‌ని ఇద్దరికి ఇచ్చి చూడండి, ఒకరి స్తూపం మీద వాన కమ్ముకొస్తుంది, ఇంకొకరి స్తూపం మీద ఎండ కాస్తుంది.

చీకటిగదికి ఖమ్మం ఎండలు పగవాళ్ళు. డెవలపర్ 20 డిగ్రీల చల్లదనంలో ఉంటే బాగా పనిచేస్తుందని డబ్బామీద రాసి ఉంటుంది. మే నెలలో మనం కాగిన ట్యాంకు నీళ్ళతో వక్కాకు నమిలిన నోరు కూడా పుక్కిలించలేం. ఆ వేడికి జెలటిన్ ఉబ్బి మెత్తబడి కాగితం మీంచి జారిపోతుంది, గోరు తగిలితే చాలు ఊడి వస్తుంది. నేను కుండనీళ్ళు వాడతాను. పాలిథిన్ సంచిలో ఐసుముక్కలు కట్టి ట్రేలో తేలేస్తాను. ఐసు నేరుగా వేస్తే మందు పల్చబడుతుంది. ఇంకో ఉపాయం పటిక. గోదారి బురదనీళ్ళు తేటపరచడానికి బిందెలో తిప్పుతారే, అదే పటిక. హైపోలో పద్ధతి ప్రకారం కలిపితే జెలటిన్ గట్టిపడుతుంది. కడగడానికి చలికాలమంత సుఖం లేదు. అందుకే మా గుంపులో సంక్రాంతి తర్వాత కట్టలు ఎక్కువ తిరుగుతాయి.

కడగడం అంటే గుర్తొచ్చింది. ఫోటో పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. హైపో కాగితంలో మిగిలిపోతే కొన్నేళ్ళకి పసుపుపచ్చ మరకలు లేస్తాయి. మందపాటి పాతరకం కాగితానికి గంటసేపు పారే నీళ్ళు కావాలి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తరకానికి నాలుగైదు నిమిషాలు చాలు. హైపో పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? బావుల్లో వేసే పర్మాంగనేటు ఉంది కదా, ఊదారంగుది. దాన్ని పల్చగా కలిపిన నీళ్ళలో ఫోటోనుంచి కారే చుక్కలు పడనివ్వాలి. ఊదారంగు అలాగే నిలబడితే ఫోటో శుభ్రం. రంగు విరిగిపోతే మళ్ళీ కడగాలి. బోరునీళ్ళతో కడిగితే ఇంకో తంటా, ఎండాక తెల్లటి సున్నపు చారలు మిగులుతాయి. నాకొచ్చే ప్రింట్లలో ఆ చార కనపడితే చాలు, ఆ మనిషి ఇంట్లో బోరు తప్ప వేరే గతి లేదని తెలిసిపోతుంది. ఆయనకి నా ప్రింటు అంచుల్లో మెత్తబడిన జెలటిన్ చూస్తే మా ఊరి ఎండ తెలుస్తుంది. ఫోనులో వచ్చే బొమ్మకి ఊరి నీళ్ళు అంటుకోవు.

వాడేసిన హైపోని పారబోయకండి, అందులో వెండి ఉంటుంది. ఒకప్పుడు స్టూడియోల దగ్గరా, ఆసుపత్రుల ఎక్స్‌రే గదుల దగ్గరా పాత హైపో కొనుక్కుపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. గిన్నెలు తోమే ఇనుప పీచు అందులో వేస్తే, ఇనుము కరిగి వెండి నల్లటి మడ్డిలా దిగుతుంది.

ఇక కట్టడం. అట్ట ఫోటోకన్నా రెండు వేళ్ళు పెద్దగా ఉండాలి. ఫ్రిజ్ పెట్టెల అట్టలో గొట్టాల వరసలుంటాయి చూడండి, ఒక అట్టకి వరసలు నిలువుగా, రెండోదానికి అడ్డంగా పెట్టాలి. అప్పుడు ఎటునుంచీ వంగదు. ఫోటోమీద బటర్ పేపరు వేయాలి, న్యూస్‌పేపరు వేయకూడదు. రెండు ఫోటోల మొహాలు ఎదురెదురుగా పెడితే వానాకాలం చెమ్మకి జెలటిన్ మెత్తబడి అతుక్కుపోతాయి, ఇక విడదీయలేరు. బొమ్మ ఉన్నవైపు చిరునామా రాయకూడదు, పోస్టాఫీసులో ముద్ర అటువైపే పడుతుంది. వెనకాల వివరాలు మెత్తటి పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ను ఒత్తితే గాటు ముందుకి తేలుతుంది. చుట్టచుట్టి గొట్టంలో పంపేవాళ్ళంటే నాకు మంట. పాతరకం కాగితం ఎండేకొద్దీ జెలటిన్ కాగితంకంటే ఎక్కువగా బిగుసుకుంటుంది, దాంతో బొమ్మవైపుకి ముడుచుకుంటుంది. చుట్టిన ప్రింటు వేసవిలో చేరిందంటే మా ఇంటి రుబ్బురోలు పొత్రం కింద రెండువారాలు పెట్టినా చదును కాదు.

కాగితం దొరకడం కూడా కష్టమైంది. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ అని మన సర్కారు కంపెనీ ఉండేది. 1960లో పెట్టారు, 1967లో ఫిల్ము తయారీ మొదలైంది. చల్లటి వాతావరణం, దుమ్ములేని గాలి, మంచినీళ్ళు, ఈ మూడూ చూసుకుని అక్కడ పెట్టారు. 'ఇందు' అని పేరు వాళ్ళ సరుకుకి. స్టూడియోలవాళ్ళు దాన్ని తిట్టుకుంటూనే వాడేవాళ్ళు. నాకు మాత్రం ఆ పేరంటే ముద్దు. అదీ మూతపడింది. కొడాక్‌వాళ్ళు 2005లో బ్లాక్ అండ్ వైట్ కాగితం మానేశారు. ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్, చెక్ దేశంలో ఫోమా ఇంకా చేస్తున్నాయి. ధర మాత్రం అడక్కండి, నాయనమ్మ వింటుంది.

ఇదిగో, ఈ ప్రింటు గోధుమరంగులో ఉంది, చూశారా? పాతబడి అలా అయిందనుకుంటారు, కాదు, కావాలని చేశారు. నీ పట్టీలు నల్లబడితే చింతపండుతో తోముతావు కదమ్మా. గాలిలోని గంధకం వెండితో కలిసి అలా చేస్తుంది. ఫోటోలోని వెండిని కూడా గంధకం మందులో అలాగే మారిస్తే ఈ గోధుమరంగు వస్తుంది. అదొచ్చేటప్పుడు కుళ్ళిన గుడ్ల కంపు లేస్తుంది, ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు. కానీ వెండికి రావాల్సిన జబ్బు ముందే వచ్చేసింది కాబట్టి ఇక గాలి దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. మామూలు ప్రింటు కంటే ఇది ఎక్కువకాలం నిలుస్తుంది.

మీకూ చేయాలనుందా? వెండి వద్దు, పసుపుతో చేయండి. చీరమీద పులుసు మరక పడితే సబ్బుకి పోని పసుపు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది కదా, అంతే కిటుకు. పసుపుని స్పిరిట్‌లో కలిపి వడగట్టి, మందపాటి కాగితానికి పూసి నీడలో ఆరబెట్టండి. స్పిరిట్ దగ్గర పొయ్యి ఉండకూడదు, పెద్దవాళ్ళని పక్కన పెట్టుకోండి. పైన వేపరెమ్మో మునగాకో పెట్టి, గాజుపలక అదిమి ఎండలో ఉంచండి. మన ఎండకి రెండు మూడు గంటలు చాలు. ఆకు కింద పసుపు నిలుస్తుంది, చుట్టూ తెల్లబడుతుంది. ఆ తర్వాత వెలిగారం కలిపిన నీళ్ళలో ముంచితే మిగిలిన పసుపు ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. అయినా వెలుతురులో పెడితే మెల్లగా పోయేదే. అందుకని గోడకి తగిలించకుండా, నల్లకాగితంలో చుట్టి, మీ పిన్నికి బెంగళూరు పంపండి. కవరుమీద చిరునామా పెద్ద అక్షరాలతో రాయండి, పంపినవాళ్ళ చిరునామా కూడా రాయండి, 507తో మొదలయ్యే మన పిన్‌కోడుతో సహా. స్టాంపులు నేను కొంటాను. ముందు వెళ్ళి అమ్మనడిగి ఓ రెండు చెంచాల పసుపు పట్టుకురండి, ఎండ పోకముందే.